గోడలో ప్లగ్గు దగ్గరే మొదలవ్వాలి: మొదటి డెస్క్‌టాప్‌కు విడిభాగాల ఎంపిక

ఒంగోలులోనో నెల్లూరులోనో కంప్యూటర్ షాపుకెళ్లి అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌కు కొటేషన్ అడిగితే చేతికొచ్చే చీటీ చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, గేమింగ్ క్యాబినెట్ విత్ ఎస్ఎంపీఎస్. కింద మొత్తం. చూడగానే అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి కొనేవాళ్లకు తెలియాల్సిన అసలు సంగతి ఆ చీటీలో ఎక్కడా ఉండదు.

ఐ5 అన్న పేరును ఇంటెల్ 2009 నుంచి వాడుతోంది. అందులో ఏ తరందో చెప్పకపోతే ఆ పేరుకు విలువే లేదు. ఉదాహరణకు ఐ5-3470 అనే ప్రాసెసర్ 2012లో వచ్చింది. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు). పదేళ్ల తర్వాత వచ్చిన ఐ3-12100కీ నాలుగు కోర్లే, కానీ ఎనిమిది థ్రెడ్లు. పేరుకు ఐ3 అయినా పాత ఐ5ని అన్ని పనుల్లోనూ చాలా దూరం వెనక్కి నెట్టేస్తుంది. ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత ప్రాసెసర్లను కొత్తగా తయారైన హెచ్61, హెచ్81 రకం మదర్‌బోర్డుల మీద ఎక్కించి, రంగురంగుల లైట్ల క్యాబినెట్‌లో బిగించి అమ్మడం మన దగ్గరే కాదు, దేశమంతటా ఉంది. బోర్డు కొత్తది, డబ్బా కొత్తది కాబట్టి లోపలి ప్రాసెసర్ వయసు ఎవరికీ అనుమానం రాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, దాని పోటీ కంపెనీ ఏఎండీ రైజెన్‌లో 2000 సిరీస్ గానీ ఆ తర్వాతివి గానీ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. పాత ఐ5 కొన్నవాళ్లు మొదటి రోజు నుంచే ఆ గీతకు అవతల ఉంటారు.

4 జీబీ గ్రాఫిక్స్ కార్డు కథా ఇంతే. తక్కువ ధర చీటీల్లో ఆ మాట వెనక ఉండేది ఎక్కువగా జీటీ 730. 2014 నాటి కార్డు. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌లో విడిగా ఏ కార్డూ లేకుండా వచ్చే గ్రాఫిక్సే దానికంటే ఎంతో మెరుగ్గా పనిచేస్తుంది. కార్డులో మెమరీ ఎంత అన్నది దాని శక్తిని చెప్పదు.

ఇక ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె. చీటీలో దానికి పేరే ఉండదు, క్యాబినెట్‌తో కలిపి ఇచ్చేస్తారు. మన జిల్లాల కరెంటు, ఎండ, దుమ్ము, ఉప్పుగాలి ముందుగా పరీక్ష పెట్టేది ఆ పేరులేని భాగానికే. అందుకే ఇక్కడ మొదటి డెస్క్‌టాప్ కట్టుకునేవాళ్లు ప్రాసెసర్ నుంచి కిందికి కాకుండా, గోడలో ప్లగ్గు నుంచి పైకి ఆలోచించడం మంచిది. ఢిల్లీలోనో అమెరికాలోనో ఏసీ గదిలో తీసిన వీడియో చూసి పార్టుల జాబితా రాసుకుంటే, ఆ జాబితాలో మన గది ఉండదు.

ముందు పని తేల్చుకోవాలి

అంతకన్నా ముందు ఒక ప్రశ్న ఉంది: ఆ కంప్యూటర్‌తో చేసే పని ఏది? "అన్నిటికీ" అన్న జవాబు బడ్జెట్‌ను మింగేస్తుంది. రోజులో ఎక్కువ గంటలు ఏది నడుస్తుందో దానికే కొనాలి.

అను ఫాంట్స్, పేజ్‌మేకర్‌తో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్‌కు గ్రాఫిక్స్ కార్డు దండగ. ఐ3-12100, 16 జీబీ ర్యామ్, మంచి ఎస్ఎస్‌డీ ఉంటే చాలా ఏళ్లు నిశ్చింతగా నడుస్తుంది. మిగిలిన డబ్బు మానిటర్ మీద, యూపీఎస్ మీద పెట్టాలి. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియో లెక్క వేరు. పెద్ద పీఎస్‌డీ ఫైళ్లు నాలుగైదు ఒకేసారి తెరిస్తే ఫొటోషాప్ ముందు ర్యామ్‌నే తినేస్తుంది. అక్కడ 32 జీబీ విలాసం కాదు. అదే స్టూడియో పెళ్లి వీడియోలు కూడా కత్తిరిస్తుంటే ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ అనే వీడియో ఇంజిన్ బాగా అక్కరకొస్తుంది, కెమెరా ఫైళ్లు టైమ్‌లైన్ మీద తడబడకుండా నడుస్తాయి. ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాన్లు గీసే సివిల్ విద్యార్థికి వేగమైన కోర్లు కావాలి, ఎక్కువ కోర్లు కాదు. రెండు డైమెన్షన్ల డ్రాయింగ్‌లో ఆటోక్యాడ్ చాలావరకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది. కోడింగ్ నేర్చుకునే బీటెక్ పిల్లలకు ఆరు కోర్లు, 16 జీబీ సరిపోతాయి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీదే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) కూడా నడపాలంటే 16 ఇరుకవుతుంది.

ఆటలు ప్రధానమైతేనే గ్రాఫిక్స్ కార్డుకు బడ్జెట్‌లో పెద్ద వాటా ఇవ్వాలి. తతిమ్మా అందరికీ అది తర్వాత కొనుక్కోగల భాగం. డెస్క్‌టాప్ కట్టుకోవడంలో ఉన్న సుఖమే అది. ఈ సంవత్సరం లేనిది వచ్చే సంవత్సరం తగిలించుకోవచ్చు, కాకపోతే దానికి తగిన ఎస్ఎంపీఎస్, ఖాళీ స్లాట్, క్యాబినెట్‌లో చోటు ఇవాళే చూసుకుని పెట్టుకోవాలి.

కరెంటు

క్యాబినెట్‌కు చెయ్యి తగిలితే సన్నగా జిల్లుమంటోందన్న ఫిర్యాదు మన ఊళ్లలో తరచూ వినబడుతుంది. చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది. చాలామంది దాన్ని కంప్యూటర్ లోపం అనుకుంటారు, బోర్డు షార్ట్ అయిందని షాపుకి మోసుకెళ్తారు. చాలాసార్లు లోపం గోడలో ఉంటుంది. ప్రతి ఎస్ఎంపీఎస్ లోపలా ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒక్కో చిన్న కెపాసిటర్ ఉంటుంది. కరెంటు తీగల మీద వచ్చే గోలను భూమిలోకి దించేయడం వాటి పని. ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోతే ఆ రెండు కెపాసిటర్ల మధ్య క్యాబినెట్ వేలాడుతుంది. 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దాపున దాని రేకు మీద నిలుస్తుంది. దాని వెనక కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణం మీదకు రాకపోవచ్చు. కానీ నడుస్తుండగా పెన్‌డ్రైవ్, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టేటప్పుడు ఆ వోల్టేజీ పోర్టుల గుండానే దారి వెతుక్కుంటుంది. పోర్టులు చచ్చిపోయే కారణాల్లో ఇదొకటి. పైగా ఎస్ఎంపీఎస్ లోపల నిజంగానే షార్ట్ అయిన రోజున రేకు మీదికి వచ్చే పూర్తి కరెంటుకు వెళ్లే దారి ఉండదు. అది ప్రాణం మీదకు తెస్తుంది.

మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌కు తగిలించే కన్వర్టర్ వాడితే ఎర్త్ తెగిపోయినట్టే. సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక తీగ ఉందని కాదు. పడమటి వైపు, కనిగిరి, మార్కాపురం ప్రాంతాల్లో నేల రాతినేల; ఎండాకాలంలో పూర్తిగా ఆరిపోయి ఎర్త్ గుంత పనితనం పడిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి తీసిన పాత గుంతలకు వేసవిలో నీళ్లు పోస్తూ ఉండటం వెనక కారణం ఇదే. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ చూపించుకోవడానికి అయ్యే ఖర్చు మొత్తం కంప్యూటర్ ఖర్చులో లెక్కలోకి రాదు. పార్టులు కొనకముందే చేయాల్సిన పని ఇది.

తర్వాత ఎస్ఎంపీఎస్. డబ్బా మీద 450 వాట్లు అని పెద్దక్షరాలతో రాసినదాన్ని పట్టించుకోనక్కర్లేదు. పక్కకు తిప్పి అతికించిన లేబుల్ చూడాలి. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లని ఉందో చూసి 12తో హెచ్చించాలి. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. అక్కడ 16 ఆంపియర్లే ఉంటే అది 192 వాట్ల ఎస్ఎంపీఎస్, డబ్బా మీద ఏం రాసినా సరే. నిజాయితీగల 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఆ గడిలో 35 ఆంపియర్లకు పైనే కనిపిస్తుంది.

ఎన్ని వాట్లు కావాలన్నది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఐ5-12400 గట్టిగా పనిచేసేటప్పుడు గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు. బోర్డు, ఫ్యాన్లు, డ్రైవులు అన్నిటికీ కలిపి ఇంకో 50 వేసుకుంటే 282 అవుతుంది. దీనికి మంచి 450 లేదా 550 వాట్లది హాయిగా సరిపోతుంది. పేరులేని 750 కంటే పేరున్న 450 మేలు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర చూడటం మంచిదే; సగం లోడు దగ్గర కనీసం 85 శాతం కరెంటు వృథా కాకుండా వాడుతుందని ఆ ముద్ర అర్థం. అయితే ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా లేదా అన్నది ఆ ముద్ర చెప్పదు. అవి స్పెసిఫికేషన్లలో విడిగా చూసుకోవాలి. వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నారన్నది కూడా నమ్మదగ్గ గుర్తే. ఐదేళ్లు ఇచ్చే కంపెనీ తన సరుకు మీద తనే పందెం కాస్తున్నట్టు.

ఇన్‌పుట్ రేంజ్ అని లేబుల్ మీదే ఇంకో వరుస ఉంటుంది. 100 నుంచి 240 వోల్టులని ఉందా, 200 నుంచి 240 అని మాత్రమే ఉందా? సాయంత్రం పూట వోల్టేజీ 170కి జారిపోయే పల్లెల్లో ఈ తేడాయే కంప్యూటర్ నడుస్తుందా, ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుందా అన్నది తేలుస్తుంది. మొదటి రకం ఉంటే స్టెబిలైజర్ అవసరమే రాదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ ఎందుకులే అనుకుంటారు. కొంతవరకు నిజమే, కానీ రెండు విషయాలు చూసుకోవాలి. ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటుంది. కరెంటు పోయాక పూర్తి లోడు మీద ఎస్ఎంపీఎస్ తనలో నిల్వ ఉన్న శక్తితో నెట్టుకురాగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఆ లోపే అందుకుంటుంది, ఎకో మోడ్‌లో ఆలస్యం కావచ్చు. కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాన్ ఆగకుండా కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంటే ముందు ఆ స్విచ్ వైపే చూడాలి. రెండోది, పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో ఇప్పటి మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని గుర్రుమంటాయి, కొన్ని ఆగిపోతాయి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ బాధ లేదు. విడిగా యూపీఎస్ కొనాలంటే మార్కెట్‌లో ఎక్కువగా దొరికేది 600 వీఏ, అంటే సుమారు 360 వాట్లు. పని సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి అది చాలు. డీటీపీ సెంటర్ వాళ్లు లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించకూడదు. ప్రింటర్ వేడెక్కే క్షణంలో లాగే కరెంటుకు అది తట్టుకోలేదు.

పిడుగుల కాలం గురించి ఒక్క మాట. ఉరుములు మొదలవగానే అందరూ ప్లగ్గు పీకుతారు, ఇంటర్నెట్ తీగను మాత్రం మర్చిపోతారు. స్తంభం మీది స్విచ్ నుంచి రాగి ల్యాన్ కేబుల్ నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చే కనెక్షన్లలో పిడుగు పోటు ఆ దారినే వచ్చి బోర్డు ల్యాన్ పోర్టును కాల్చేస్తుంది. ఇంటిదాకా ఫైబర్ వస్తే ఆ తీగలో కరెంటు పారదు కనుక ముప్పు చాలా తగ్గుతుంది.

ఎండ, దుమ్ము, ఉప్పుగాలి

ఏ కూలరైనా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. రివ్యూలో 24 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 69 డిగ్రీలు చూపించిందంటే, గది కంటే అది 45 డిగ్రీలు పైన ఉందన్నమాట. మే నెల మధ్యాహ్నం ఒంగోలులో మేడ మీద గది 42 డిగ్రీలుంటే అదే ప్రాసెసర్, అదే కూలర్, అదే పనికి 87 దగ్గరికి చేరుతుంది. చాలా రైజెన్ ప్రాసెసర్లకు 95, ఐ5-12400కు 100 డిగ్రీలు హద్దు. ఆ హద్దు దగ్గరికి రాగానే కాలిపోకుండా తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అంటే డబ్బు పెట్టి కొన్న వేగం సరిగ్గా వేసవి సెలవుల్లోనే అందదు.

దీనికి జవాబు లిక్విడ్ కూలర్ కాదు. అదీ వేడిని అదే గదిలోకి వదలాల్సిందే, పైగా పంపు పాడైతే చుట్టుపక్కల దాన్ని బాగుచేసే దిక్కుండదు. 65 వాట్ల తరగతి ప్రాసెసర్ ఎంచుకుని, దానికి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న మామూలు టవర్ కూలర్ పెడితే సరిపోతుంది. ఫ్యాన్ పోతే ఇంకో ఫ్యాన్ బిగించుకోవచ్చు. క్యాబినెట్‌కు ముందువైపు గాజు కాకుండా జాలీ ఉండాలి, జాలీ వెనక తీసి కడుక్కోగల ఫిల్టర్ ఉండాలి. గాజు పలక లోపల మెరిసే ఫ్యాన్లు గాలిని ఎక్కడి నుంచి లాగుతాయో కొనేముందు వేలు పెట్టి చూడాలి. చాలావాటిలో పక్కన సన్నటి చీలిక తప్ప ఏమీ ఉండదు. కంప్యూటర్ టేబుళ్లలో క్యాబినెట్ కోసమని చేసే మూసిన అర ఇంకో శత్రువు. దాని వెనక చెక్క పీకేస్తే గానీ లోపలి వేడి బయటికి పోదు.

దుమ్ము ఒక్కోచోట ఒక్కో రకం. చీమకుర్తి చుట్టూ గ్రానైట్ పొడి, మార్కాపురంలో పలకల రాతి పొడి, నెల్లూరు వైపు రైస్ మిల్లుల దగ్గర ఊక నుసి. ఫిల్టర్ ఎంత మంచిదైనా ఈ చోట్ల నెలకోసారి కడగక తప్పదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అది హద్దు మీరి తిరిగి బేరింగ్ పోతుంది. వెనక ఖాళీ స్లాట్ల రేకులు పారేయకుండా బిగించి ఉంచాలి. ఆ సందుల్లోంచి దూరిన బల్లి బోర్డు మీద షార్ట్ చేసిపెట్టడం మన ఇళ్లల్లో వింతేం కాదు.

కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలోనూ రొయ్యల చెరువుల మధ్యా ఉప్పుగాలి పని నిదానంగా సాగుతుంది. ముందు క్యాబినెట్ స్క్రూలు తుప్పు పడతాయి, తర్వాత ర్యామ్ కాంటాక్టుల మీద పొర చేరుతుంది. ఒకరోజు ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద బొమ్మ రాదు. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెడితే వచ్చేస్తుంది. మెకానిక్‌లందరికీ తెలిసిన ఈ చిట్కా పనిచేసేది అందుకే. గట్టిగా రుద్దితే కాంటాక్టుల బంగారు పూత అరిగిపోతుంది కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం ఇంకా మంచిది. ఇలాంటి చోట కంప్యూటర్‌ను నెలల తరబడి ఆపేసి ఉంచడం కంటే రోజూ కాసేపు వాడటమే దానికి ఆరోగ్యం. లోపలి వెచ్చదనం తేమను నిలవనివ్వదు.

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్: మూడూ కలిపి ఒకే నిర్ణయం

ఈ మూడింటినీ విడివిడిగా ఎంచుకోవడం కుదరదు. ప్రాసెసర్ సాకెట్‌ను (బోర్డు మీద అది కూర్చునే చోటును) తేలుస్తుంది, సాకెట్ బోర్డును తేలుస్తుంది, బోర్డు ర్యామ్ రకాన్ని తేలుస్తుంది. ఏఎండీలో రెండు దారులున్నాయి. 2017లో రైజెన్‌తో జనంలోకి వచ్చిన ఏఎం4 సాకెట్‌కు డీడీఆర్4 ర్యామ్, 2022లో వచ్చిన ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలు మూడూ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లోనే కూర్చుంటాయి. వాటి బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి, పేరు చివరి అక్షరాలు చూడకుండా కొంటే ఇంటికొచ్చాక ర్యామ్ స్లాట్‌లో దిగదు. గాడి ఉండే చోటే వేరు.

మున్ముందు ప్రాసెసర్ మార్చుకోవడానికి వీలుండాలని ఏఎం5 తీసుకోమంటారు. ఏఎండీ ఆ సాకెట్‌ను 2027 దాకా కొనసాగిస్తానని చెప్పింది కాబట్టి ఆ సలహాలో బలముంది. అయితే అదే బోర్డు మీద ప్రాసెసర్ ఒక్కటే మార్చేవాళ్లు తక్కువ. ఐదారేళ్లు కదిలించకుండా వాడే ఇంటికి ఇవాళ ధర కలిసొచ్చే సాకెట్టే సరైనది. రేపటి అప్‌గ్రేడ్ కోసం ఇవాళ ఎస్ఎంపీఎస్‌లో కోత పెట్టడం మాత్రం తప్పు లెక్క.

ఇంతకంటే మన ప్రాంతానికి బరువైన విషయం ఇంకొకటుంది: ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం. ఐ5-12400కూ 12400ఎఫ్‌కూ తేడా లోపలి గ్రాఫిక్సే. ఎఫ్‌లో అది ఉండదు, అందుకే కాస్త చవక. రైజెన్ 5 5600లో కూడా లేదు, 5600జీలో ఉంది, ఏఎం5లోని రైజెన్ 5 7600లో చిన్నపాటిది ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ కొంటున్నాం కదా అని చాలా వీడియోల్లో ఎఫ్ రకమే చూపిస్తారు. కానీ కార్డు పాడై వారంటీకి పంపితే ఎన్ని రోజుల్లో తిరిగొస్తుందో ఊహించుకోవాలి. అన్ని బ్రాండ్ల సర్వీస్ సెంటర్లూ నెల్లూరు, ఒంగోలుల్లో ఉండవు. చెన్నైకో విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్లి రావాలి. అన్ని రోజులూ ఎఫ్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ తెర నల్లగానే ఉంటుంది. లోపలి గ్రాఫిక్స్ ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకు మార్చుకుని పని నడుపుకోవచ్చు. స్టూడియోకైనా, ప్రాజెక్టు గడువున్న విద్యార్థికైనా ఆ కాస్త అదనపు ధర అన్ని విధాలా న్యాయమైనది.

బోర్డు కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న బయోస్ గురించి, అంటే ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే సాఫ్ట్‌వేర్ గురించి. పాత స్టాకు బోర్డుకు తర్వాత వచ్చిన ప్రాసెసర్ తెలియదు. బీ450 బోర్డు మీద రైజెన్ 5000, బీ650 మీద రైజెన్ 9000 పెట్టాలంటే బయోస్ అప్‌డేట్ అయి ఉండాలి. పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేసుకునే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే ఇబ్బంది లేదు. లేకపోతే షాపులోనే చేయించుకుని రావాలి.

ర్యామ్ ధరలు 2025 రెండో సగం నుంచి విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ తరలిపోవడం దీనికి కారణం. క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. పాత జాబితాల్లో ర్యామ్‌కు వేసిన ధర చూసి బడ్జెట్ కడితే కుదరదు. లోపలి గ్రాఫిక్స్ మీదే ఆటలు ఆడేవాళ్లు 16 జీబీని రెండు ఎనిమిదులుగా తీసుకోవాలి. ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ర్యామ్‌నే, రెండు స్టిక్కులుంటే దారి రెండింతలవుతుంది. ఆల్బమ్ పని కోసం తర్వాత 32కు పెంచాలనుకునేవాళ్ల లెక్క వేరు. రెండే స్లాట్లున్న హెచ్610 బోర్డులో రెండు ఎనిమిదులు పెట్టేస్తే రేపు పెంచడానికి వాటిని పీకాల్సిందే. అలాంటప్పుడు ఇవాళ ఒకే 16 పెట్టి ఒక స్లాట్ ఖాళీగా ఉంచడం తెలివైన పని. తెలిసినవాళ్ల దగ్గర డీడీఆర్4 ర్యామ్ మిగిలి ఉంటే మొహమాటం లేకుండా కొనేయొచ్చు. విడిభాగాల్లో సెకండ్‌హ్యాండ్‌లో తక్కువ రిస్కున్నది అదే.

ఎస్ఎస్‌డీ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. సాటా రకం సెకనుకు 550 ఎంబీ దాపున ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈలో మూడో తరానివే 3500 దాకా వెళ్తాయి, ధరలో పెద్ద తేడా ఉండదు. ఎం.2 ఆకారంలో రెండు రకాలూ వస్తాయి కనుక పేరు చూసి కొనాలి. పెళ్లి వీడియోల నిల్వకు పెద్ద హార్డ్ డిస్క్ విడిగా పెట్టుకుని, దానికో నకలు క్యాబినెట్ బయట ఉంచుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు జాగ్రత్త పడాలి. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నలిగిన కార్డులు మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చాయి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో దొరికేవాటిలో 2048ఎస్‌పీ రకం ఉంటుంది. అసలు 580లో 2304 కోర్లు, దీనిలో 2048, అంటే 570కి ఉన్నన్నే. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిపించి కోర్ల సంఖ్య చూడకుండా డబ్బు ఇవ్వకూడదు.

ఎక్కడ కొనాలి

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. అన్నా సాలైకి ఆనుకుని ఉన్న రిచీ స్ట్రీట్‌కు వెళ్లి అన్నీ తెచ్చుకునే అలవాటు ఈ జిల్లాలో చాలాకాలంగా ఉంది. ఆన్‌లైన్ వచ్చాక ఆ ప్రయాణాలు తగ్గాయి. ధర విషయంలో రెండూ లోకల్ షాపును ఓడించవచ్చు. కానీ మొదటిసారి కట్టేవాళ్లకు ఒక చిక్కుంది. అన్నీ బిగించి బటన్ నొక్కితే బొమ్మ రాలేదనుకుందాం. తప్పు బోర్డుదా, ప్రాసెసర్‌దా, ర్యామ్‌దా తెలియాలంటే ఒక్కోటి తీసి పనిచేసే ఇంకోటి పెట్టి చూడాలి. ఆ ఇంకోటి ఇంట్లో ఉండదు. బోర్డు ఒక వెబ్‌సైట్‌లో, ప్రాసెసర్ ఇంకోదాంట్లో, ర్యామ్ చెన్నైలో కొంటే ముగ్గురూ మాది బాగానే ఉందంటారు.

కాబట్టి ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఈ మూడూ ఊళ్లోని ఒకే షాపులో కొని, అక్కడే బల్ల మీద పెట్టించి బయోస్ తెర వచ్చేదాకా చూసి తెచ్చుకోవడం ఉత్తమం. దానికి కాస్త ఎక్కువ పడినా ఆ డబ్బుతో పరీక్ష కొన్నట్టే. ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ, క్యాబినెట్, మానిటర్ ఎక్కడ చవకైతే అక్కడ. ప్రతిదానికీ జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి. బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపుతో పాటు మూడేళ్ల వారంటీ కూడా పోతుంది.

బిగించేటప్పుడు

కట్టడం నిజానికి ఒక పూట పని. మొదటిసారి పొరపాటు పడేది ఎప్పుడూ అవే నాలుగైదు చోట్ల. బోర్డు కింద ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు బోర్డు రంధ్రాల కిందే ఉండాలి. ఒకటి అదనంగా రేకు మీద మిగిలితే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకాలి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలోకి వెళ్తాయి. బోర్డు పైమూల ప్రాసెసర్ పవర్ కనెక్టర్ విడిగా ఉంటుంది, 24 పిన్నుల పెద్దది పెట్టేసి దీన్ని మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి.

మొదటిసారి ఆన్ చేశాక బయోస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయాలి. చేయకపోతే 3200 అని కొన్న డీడీఆర్4 ర్యామ్ చాలాసార్లు 2133 దగ్గరో 2400 దగ్గరో నిద్రపోతుంది, ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. తర్వాత విండోస్ పెట్టి, ఒక అరగంట ప్రాసెసర్‌ను పూర్తి లోడు మీద నడిపి ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఆరోజు గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాసుకోవాలి. డిసెంబర్‌లో కట్టినవాళ్లు ఆ రెండు అంకెల తేడాను 42కు కలిపి చూసుకుంటే మే నెలలో ఏం జరుగుతుందో ఆరోజే తెలిసిపోతుంది. మొత్తం 90 దాటుతుంటే కూలరో, క్యాబినెట్‌లో ఇంకో ఫ్యానో వేసవి రాకముందే కొనాలి. డబ్బాలన్నీ, ముఖ్యంగా బోర్డుదీ గ్రాఫిక్స్ కార్డుదీ, వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచుకోవాలి. కొరియర్‌లో సర్వీస్ సెంటర్‌కు పంపే రోజు వస్తే వాటికి సరిపోయే ప్యాకింగ్ ఊళ్లో దొరకదు.